బత్తాయి బెరడు మీది పాచి, మామిడి కొమ్మ మీది బదనిక: చెట్టును తినేది ఏది?

హాలియా_బత్తాయి
మా బత్తాయి తోటకు పన్నెండేళ్లు నిండాయి. ఈ ఏడు చెట్లు బాగా పలచబడ్డాయి. చిటారు రెమ్మలు ఎండుతున్నాయి, ఆకులు పసుపు తిరిగి రాలిపోతున్నాయి. మొదళ్ల మీద, లావు కొమ్మల మీద బూడిద రంగులో, కొంచెం ఆకుపచ్చ ఛాయతో గుండ్రటి మచ్చలు అట్టకట్టి ఉన్నాయి. మందుల దుకాణంలో ఫొటో చూపిస్తే, అది బెరడులోని రసం పీల్చే పాచి అని చెప్పి, గీకి పారేసి మందు కొట్టమన్నారు. ఇక గట్టు మీది మామిడికి బదనిక పట్టి చాలా కాలమైంది. ఇప్పుడు నారింజ రంగు పూలతో నిండుగా ఉంది. పక్క చేను పెద్దాయన మాత్రం పాచి అయినా, బదనిక అయినా రెండూ ఒకటే జాతి అని, ఒకటి చిన్న పరాన్నజీవి, ఇంకొకటి పెద్ద పరాన్నజీవి అని అంటున్నాడు. ఇది నిజమేనా? కూలీలు దొరకడమే కష్టంగా ఉన్న ఈ రోజుల్లో ముందుగా దేని మీద డబ్బు పెట్టాలో తెలిసినవారు చెప్పగలరు.

రాచకొండ_రాళ్లు
ఫొటో పెద్దది చేసి చూశాను. అది లైకెన్. గోరుతో అంచు లేపి చూడండి. కింద బెరడు మామూలుగా ఉంటే భయపడాల్సింది ఏమీ లేదు.

మునుగోడు_మాట
రెండూ చెట్టు మీదనే బతుకుతున్నప్పుడు ఒకటి పరాన్నజీవి, ఇంకొకటి కాదు అని ఎట్లా తేలుస్తారు?

పాలమూరు_పంతులు
తేల్చే పద్ధతి ఉన్నది. ఒక జీవి ఎక్కడ కూర్చున్నదని కాదు, తిండీ నీళ్లూ ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నదని అడగాలి. నేను డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను కనుక కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

లైకెన్‌లో ఒక శిలీంధ్రం (బూజు వంటిది), దాని పోగుల నడుమ ఆకుపచ్చ శైవలం (నాచు వంటిది) కలిసి కాపురం చేస్తాయి. కొన్ని లైకెన్లలో శైవలానికి బదులు సయనోబాక్టీరియా (ఎండతో తిండి చేసుకునే సూక్ష్మజీవి) ఉంటుంది. శైవలం ఎండలో చక్కెరలు తయారు చేస్తుంది; శిలీంధ్రం ఆ చక్కెరలు తిని, శైవలానికి నీడనూ తడినీ ఇస్తుంది. శరీరంలో ఎక్కువ భాగం శిలీంధ్రమే. దీనికి వేరు లేదు, కాండం లేదు, నీళ్లు మోసే నాళాలు లేవు. అడుగున ఉండే సన్నని నూలుపోగులు బెరడు పైపొరను పట్టుకోవడానికే తప్ప, లోపలి రసం దాకా పోయేవి కావు. బెరడు పైపొర ఎటూ చచ్చిన కణజాలం, అందులో పీల్చడానికి ఏమీ ఉండదు. వాన, మంచు, గాలిలో వచ్చే దుమ్ము, ఇవే దాని ఆహారపు దారులు. అందుకే అదే లైకెన్ మీ బత్తాయి మొద్దు మీద పెరిగినంత హాయిగా ఎండిన కంచె గుంజ మీద కూడా పెరుగుతుంది. గుంజలో రసం ఎక్కడిది?

బదనిక సంగతి పూర్తిగా వేరు. అది పూలు పూసే మొక్క. శాస్త్రీయ నామం డెండ్రోఫ్తో ఫాల్కేటా. దాని గింజ నేల మీద పడితే మొక్క కాదు, కొమ్మ మీదనే మొలవాలి. మొలకెత్తిన చోట శోషకం అనే అవయవం ఒకటి బెరడును చీల్చుకొని దారువు (లోపలి చెక్క) దాకా దిగి, చెట్టు నీటి నాళాలతో అతుక్కుంటుంది. అక్కడి నుంచి చెట్టు వేళ్లు తెచ్చిన నీళ్లు, ఖనిజాలు దానికి పోతాయి. ఆకులు పచ్చగానే ఉంటాయి కనుక చక్కెరలు మాత్రం చాలావరకు తానే చేసుకుంటుంది. ఇటువంటి వాటిని పాక్షిక పరాన్నజీవులు అంటారు. శ్రీగంధం చెట్టు కూడా ఈ గోత్రానిదే, అది వేళ్ల దగ్గర చేసే పనిని ఇది కొమ్మ మీద చేస్తుంది.

మిర్యాల_మిల్లు
అంటే పాచి కిరాయికి ఉండేవాడు, బదనిక మన నల్లా లైనుకు దొంగ కనెక్షన్ పెట్టుకున్నవాడు.

రాచకొండ_రాళ్లు
కిరాయి కూడా ఇవ్వడు గానీ, ఇల్లు పాడు చేయడు.

కొల్లాపూర్_తోట
బదనిక గురించి పుస్తకంలో చదివిందే కాదు, మా మామిడి తోటలో రోజూ చూస్తున్నది రాస్తున్నాను. మొదట కొమ్మ మీద గోలీ గుండంత బుడిపె వస్తుంది. దాని మీద రెండు మందమైన ఆకులు కనిపిస్తాయి. మామిడి చిగురు ఎర్రగా వస్తుంది, ఇది బూడిద పచ్చగా వస్తుంది, తేడా అక్కడే తెలిసిపోతుంది. రెండు మూడు వానాకాలాలు గడిస్తే బుడిపె పిడికిలంత గడ్డ అవుతుంది. గడ్డకు ఈవల, అంటే మాను వైపు ఉన్న కొమ్మ బలంగానే ఉంటుంది, ఆవల ఉన్న కొమ్మ మాత్రం సన్నబడి, కాయ తగ్గి, చివరికి ఎండిపోతుంది. పైగా ఒక్కచోట ఆగదు. బెరడు మీదుగా వేరు పాకించి, కొంచెం దూరంలో మళ్లీ కొమ్మలోకి దిగుతుంది. అందుకే పై రెమ్మలు విరిచేసి, పని అయిపోయిందనుకునేవాళ్ల తోటలో మరుసటి ఏడాది ఇంకా ఎక్కువ కనిపిస్తుంది.

గింజ సంగతి కూడా చెప్పాలి. పండు లోపలి గుజ్జు జిగురు జిగురుగా ఉంటుంది. బొటనవేలంత చిన్న పిట్ట ఒకటి ఆ పండ్ల కోసమే చెట్టు చెట్టూ తిరుగుతుంది. మింగిన గింజ రెట్టతో పాటు జిగురు తీగగా సాగుతూ వస్తుంది. అది వదలకపోతే పిట్ట కొమ్మకేసి రుద్దుకుంటుంది. రుద్దిన చోటే కొత్త మొక్క.

తంగేడు_పూలు
ఆ పిట్టను మా అచ్చంపేట దిక్కు రోజూ చూస్తాను. బదనిక పూలకు తేనెపిట్టలు కూడా వస్తాయి. ఎర్ర, పసుపు మచ్చలున్న తెల్లని సీతాకోకచిలుక ఒకటి ఈ మొక్క ఆకుల మీదనే గుడ్లు పెడుతుంది. అడవిలో దీన్ని పనిగట్టుకొని తీయకూడదు. తోటలో తీయండి, కాదనను.

కొల్లాపూర్_తోట
అక్కా, పిట్టలకు అడవి ఉన్నది కదా. నా మామిడికి నేనే ఉన్నాను.

నాగార్జున_కాలువ
పంతులు గారి మాటను ఒప్పుకోలేకపోతున్నాను. మా తోటలో కూడా ఇదే పాచి పట్టింది, చెట్లు ఇట్లాగే పలచబడ్డాయి. మొదళ్లు గోనెసంచితో రుద్ది పాచి తీసేసి, బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన పూత) పూసి, ఎండు పుల్లలు కత్తిరించాం. రెండో ఏడు చెట్లు కోలుకున్నాయి. పాచి వల్ల నష్టం లేకపోతే, పాచి తీయగానే చెట్టు ఎందుకు కోలుకుంటుంది?

ఉద్యాన_మిత్ర
మీరు ఒక్కసారే మూడు పనులు చేసి, ఫలితాన్ని ఒక్క పని ఖాతాలో వేస్తున్నారు. బోర్డో పేస్టులోని మైలుతుత్తం బెరడు మీది లైకెన్‌ను చంపుతుంది, నిజమే. అయితే అది మొదలు దగ్గర బంక కారే తెగులును కలిగించే ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవిని కూడా అదుపు చేస్తుంది. బత్తాయిని అసలు చంపేది అదే. పైగా ఎండు పుల్లలు తీయడం వల్ల కొత్త చిగురుకు బలం వస్తుంది. మీ చెట్లు కోలుకోవడానికి ఈ రెండూ చాలు.

ఇంకో సంగతి. చెట్టు పలచబడిన చోట పాచి ఎక్కువ కనిపించడం చాలామంది చూసే ఉంటారు. గుబురు దట్టంగా ఉన్నప్పుడు మొదలు మీద ఎండ పడదు; వెలుతురు లేనిదే లోపలి శైవలానికి చక్కెర తయారీ లేదు. ఆకులు రాలి గుబురు పలచబడగానే లోపలి కొమ్మలకు వెలుతురు వస్తుంది, లైకెన్ పెరుగుతుంది. చెట్టు ఎదుగుదల మందగిస్తే బెరడు కూడా తొందరగా రాలిపోదు, దాంతో దానికి నిలకడైన చోటు దొరుకుతుంది. అంటే చెట్టు చిక్కింది కనుక పాచి వచ్చింది, పాచి వచ్చి చెట్టు చిక్కలేదు.

నాగార్జున_కాలువ
సరే, బంక తెగులు మాట ఒప్పుకుంటాను. అయినా దట్టంగా పట్టిన పాచి కింద తడి ఆరదు, పురుగులు దాక్కుంటాయి, వాటిని గోనెసంచి రుద్దేటప్పుడు కళ్లతో చూశాను. దానికేమంటారు?

ఉద్యాన_మిత్ర
అది న్యాయమైన మాటే. చిన్న పురుగులకు, సాలీళ్లకు అది నీడ ఇస్తుంది. అయితే బెరడు పగుళ్లూ అంతే నీడ ఇస్తాయి. లేత కొమ్మల మీద మరీ మందంగా పట్టినప్పుడు గోనెసంచితో సుతారంగా రుద్దితే తప్పు లేదు. కొడవలితోనో, ఇనుప బ్రష్‌తోనో గీకితే మాత్రం బెరడుకు గాయమై, లేని తెగులుకు దారి ఇచ్చినవాళ్లమవుతాం.

హాలియా మిత్రమా, మీరు మూడు సంగతులు చూసి చెప్పండి. నేలకు జానెడు ఎత్తు లోపల మొదలు మీద బంక కారుతోందా? పాదులో పెట్టిన నీళ్లు మొదలుకు తగులుతున్నాయా? మొక్కలు జంబేరి మీద అంటు కట్టినవా, రంగపూర్ నిమ్మ మీద కట్టినవా?

మునుగోడు_మాట
ఈ మచ్చలు ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చి ఉంటాయని మా ఊళ్లో ఒకాయన అంటున్నాడు. మా దిక్కు ఏది వచ్చినా దాని మీదకే పోతుంది మరి.

పాలమూరు_పంతులు
నల్లగొండ ఫ్లోరైడ్ భూగర్భంలోని గ్రానైటు శిలల నుంచి బావుల్లోకి, బోర్లలోకి దిగినది. లైకెన్‌కు వేరు లేదు కనుక బోరు నీళ్లతో దానికి సంబంధం లేదు. తుంపర్లుగా చల్లితే తప్ప ఆ నీళ్లు దాని దాకా చేరవు. బదనిక అట్లా కాదు, మామిడి వేళ్లు నేలలో నుంచి ఏది తెస్తే దానిలో వాటా తీసుకుంటుంది. అందుకే లైకెన్‌లో పోగైనవాటిని పరీక్షిస్తే గాలి సంగతి తెలుస్తుంది, బదనిక ఆకును పరీక్షిస్తే నేల సంగతి కూడా కలిసి వస్తుంది. అల్యూమినియం కరిగించే కార్ఖానాల చుట్టూ గాలిలో ఫ్లోరైడ్ ఎంత దూరం పోయిందో ఇతర దేశాల్లో లైకెన్లను చూసి కనిపెట్టారు.

చిట్యాల_రోడ్డు
గాలి మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. మా ఇంటి ముందు హైవే పక్కన ఉన్న వేపల మీద ఒక్క మచ్చ కూడా లేదు, లోపల చెరువు కట్ట మీది చెట్ల నిండా ఉన్నాయి. కారణం పొగేనా?

పాలమూరు_పంతులు
పొగ ఒక కారణం. గంధకపు పొగను చాలా లైకెన్లు తట్టుకోలేవు. పూల మొక్క ఆకు మీద మైనపు పొర ఉంటుంది, గాలి లోపలికి పోవడానికి పత్రరంధ్రాలు ఉంటాయి, అవి అవసరం లేనప్పుడు మూసుకుంటాయి. లైకెన్‌కు ఆ తలుపులు లేవు. వానలో, గాలిలో ఏది వస్తే అది ఒంటినిండా ఇంకుతుంది, ఆకులు రాల్చి వదిలించుకునే వీలు కూడా లేదు. చెరువు గట్టున తేమ ఎక్కువ కావడం ఇంకో కారణం. వేప బెరడు, చెట్టు వయసు, నీడ కూడా చూడాలి కనుక రెండు చెట్లను చూసి తీర్పు చెప్పవద్దు.

హాలియా_బత్తాయి
మా తోట పక్కన కోళ్ల ఫారం ఉన్నది. దాని గోడ వైపు వరుసల్లోనే ఈ మచ్చలు దట్టంగా ఉన్నాయి. దానికీ దీనికీ ముడి ఉన్నదా?

పాలమూరు_పంతులు
ఉండవచ్చు. కోళ్ల పెంట నుంచి వచ్చే అమ్మోనియా కొన్ని లైకెన్లకు ఎరువు, ఇంకొన్నింటికి విషం. మీ ఫొటోలోని రకం మైదానాల్లో మామిడి మాన్ల మీద విరివిగా కనిపించే పిక్సీన్ కోకోయెస్‌కు దగ్గరగా ఉన్నది. అది కాస్త గట్టి రకమే. లక్నో వంటి నగరాల్లో గాలిలోని లోహాలను కొలవడానికి దాన్నే వాడారు. దగ్గరగా చూస్తే తమ్మెల (లైకెన్ అంచున చీలినట్టుండే భాగాల) అంచున తెల్లటి పొడి కనబడుతుంది. ఆ పొడిలోని ఒక్కో రేణువులో శిలీంధ్రపు పోగులు చుట్టుకున్న శైవల కణాలు కొన్ని ఉంటాయి. గాలికో, చీమ కాలికో అంటుకొని వేరే కొమ్మ చేరితే ఇద్దరూ కలిసే కొత్త కాపురం పెడతారు. ఇంకో ఆనవాలు ఉన్నది. దుకాణాల్లో నోట్లు తనిఖీ చేసే ఊదారంగు దీపం దాని మీద వేస్తే పసుపుగా మెరుస్తుంది. లైకెజాంతోన్ అనే పదార్థం ఉండే మరికొన్ని జాతులు కూడా మెరుస్తాయి కనుక అదొక్కటే సాక్ష్యం కాదు.

మిర్యాల_మిల్లు
మా దుకాణంలో దీపం ఉన్నది. పాచి పట్టిన పుల్ల ఒకటి తెచ్చి చూపించాను, పసుపే! గుమాస్తా దాన్ని అసలు నోటే అన్నాడు.

బోటనీ_రెండో_ఏడు
మాకు ప్రాజెక్టులో ఒక లైకెన్ జాతిని, ఒక పుష్పించే మొక్క జాతిని పోల్చమని ఇచ్చారు. అందరూ తంగేడు, మందారం తీసుకున్నారు. ఈ చర్చ చూశాక నేను బదనిక తీసుకుందామనుకుంటున్నాను. ఒక్క అనుమానం. లైకెన్‌లో రెండు జీవులు ఉన్నప్పుడు దాన్ని ఒక జాతి అని ఎట్లా రాయాలి?

పాలమూరు_పంతులు
పేరు శిలీంధ్రానికే చెందుతుందని నామకరణ నియమం చెబుతుంది. శైవలానికి తన పేరు తనకు వేరే ఉంటుంది. చాలా లైకెన్లలో అది ట్రెబౌక్సియా. కనుక పిక్సీన్ కోకోయెస్ అని రాసినప్పుడు శాస్త్రరీత్యా ఆ శిలీంధ్రాన్ని మాత్రమే పేర్కొన్నట్టు. బదనికకు ఈ చిక్కు లేదు, గింజ నుంచి పువ్వు దాకా ఒకే జీవి. 1867లో స్విట్జర్లాండుకు చెందిన సైమన్ ష్వెండెనర్ లైకెన్ అంటే రెండు జీవుల కలయిక అని చెప్పినప్పుడు, నాటి లైకెన్ పండితుల్లో చాలామంది ఆయన మీద విరుచుకుపడ్డారు. 2016లో టోబీ స్ప్రిబిల్, ఆయన సహచరులు కొన్ని లైకెన్ల పైపొరలో ఈస్టు రకానికి చెందిన రెండో శిలీంధ్రం కూడా ఉందని చూపారు. కాపురంలో మూడో మనిషి అన్నమాట.

రాచకొండ_రాళ్లు
అయితే పోలికే తప్పు కదా సార్. ఒక పక్క ఒక మొక్క, ఇంకో పక్క ఒక ఊరు.

పాలమూరు_పంతులు
తప్పని నేను అనను. బదనికను కూడా మామిడి లేకుండా గీయలేం కదా. రెండూ ఇంకొకరి పొత్తుతోనే బతికేవి. అయితే లైకెన్‌లోని పొత్తు శరీరం లోపల ఉన్నది, బదనికది బయట ఉన్నది. లైకెన్ శిలీంధ్రం తన శైవలంలోని చక్కెరలు తీసుకుంటుంది. బదనిక తన చక్కెర తాను చేసుకొని మామిడి నీళ్లు తీసుకుంటుంది. శిలీంధ్రమే శైవలాన్ని బంధించి దోచుకుంటోందని వాదించేవాళ్లు కూడా ఉన్నారు. ఆ లెక్కన పరాన్నజీవి ఎవరన్న ప్రశ్న లైకెన్ లోపలే ఉన్నది, లైకెన్‌కూ బత్తాయికీ నడుమ లేదు. నీ ప్రాజెక్టులో ఇది రాయి, పరీక్షకుడు ఆగి చదువుతాడు.

బోటనీ_రెండో_ఏడు
నీటి విషయంలో తేడాను ఎట్లా చూపించాలి సార్? ప్రయోగశాల పరికరాలు మా దగ్గర లేవు.

పాలమూరు_పంతులు
పరికరాలు అక్కర్లేదు. ఎండలో గలగలలాడే లైకెన్ ముక్క మీద రెండు నీటి చుక్కలు వేసి చూడు. బూడిద రంగు చూస్తుండగానే పోయి, ఆకుపచ్చ బయటపడుతుంది. తడికి పైపొర పారదర్శకమై లోపలి శైవలం కనబడడం వల్ల అట్లా జరుగుతుంది. ఎండినప్పుడు దాని జీవనక్రియలు దాదాపు ఆగిపోతాయి, తడి తగలగానే మళ్లీ మొదలవుతాయి. శైవలం ఉన్న రకాలకు గాలిలో తేమ ఉన్నా చాలు. సయనోబాక్టీరియా ఉన్నవాటికి మాత్రం నీటి బొట్టే కావాలి. మన దగ్గర ఎండాకాలంలో తెల్లవారుజామున కాసింత తేమ ఉన్న కొద్దిసేపే దానికి పనిగంటలు. అందుకే పెరుగుదల ఏడాదికి మిల్లీమీటర్లలో ఉంటుంది.

బదనిక ఆకు తెంపి ఎండలో పెడితే వాడి చస్తుంది, మళ్లీ నీళ్లు చల్లినా లేవదు. అయితే కొమ్మ మీద ఉన్నంతసేపు దాన్ని ఎండాకాలం ఏమీ చేయలేదు. నీటి ఎద్దడి వచ్చినప్పుడు మామిడి తన పత్రరంధ్రాలు మూసుకొని పొదుపు చేస్తుంది. బదనిక జాతులు మాత్రం వాటిని ఎక్కువసేపు తెరిచే ఉంచుతాయి, ఆకు నుంచి ఆవిరి ఎంత పోతే చెట్టు నుంచి అంత నీళ్లు గుంజవచ్చు కనుక. కరువు ఏడాదిలో బదనిక పట్టిన కొమ్మ ముందుగా ఎండడానికి కారణం ఇదే.

కొల్లాపూర్_తోట
ఇది అక్షరాలా నిజం. ఏప్రిల్‌లో మా తోటకు వస్తే దూరం నుంచే చూపిస్తాను. మామిడాకు దుమ్ము పట్టి ముడుచుకొని ఉంటుంది, నడుమ బదనిక గుబురు మాత్రం నిగనిగలాడుతుంది. తెలియనివాళ్లు అదే మంచి కొమ్మ అనుకుంటారు.

రాచకొండ_రాళ్లు
రాళ్ల మీది లైకెన్ల మాట ఎవరూ ఎత్తలేదు. రాచకొండలో, దేవరకొండ కోటలో, భువనగిరి గుండు మీద చూడండి, అడుగడుగునా బూడిద, నలుపు, నారింజ మచ్చలే. పూల మొక్కకు మట్టి కావాలి, బదనికకు కొమ్మ కావాలి, దీనికి నగ్నమైన గ్రానైటు చాలు. పైగా లైకెన్లు విడుదల చేసే ఆమ్లాలు రాతిని మెల్లగా కరిగిస్తాయి. ఆ పగుళ్లలో మట్టి చేరాకే తక్కిన మొక్కలకు నిలవ నీడ దొరుకుతుంది.

చలి దేశాల్లో రాతి లైకెన్ల వ్యాసాన్ని కొలిచి ఆ రాయి ఎప్పుడు బయటపడిందో లెక్కగట్టే పద్ధతి కూడా ఉన్నది. 2005లో రైజోకార్పన్ జియోగ్రాఫికం అనే జాతిని, ఇంకో జాతిని కలిపి ఫోటాన్ అంతరిక్షనౌకలో పంపి, రెండు వారాలు ఆ శూన్యంలో ఎండకు వదిలేస్తే, తిరిగి వచ్చాక తడిపితే బతికే ఉన్నాయి.

చిట్యాల_రోడ్డు
అంతరిక్షంలో బతికింది గానీ మా హైవే మీద బతకలేదు.

తంగేడు_పూలు
బిర్యానీలో, మరాగ్‌లో వేసే రాతిపువ్వు కూడా లైకెనే కదా? ఒక పక్క బూడిద రంగు, కింద నలుపు, ఎండుటాకుల మాదిరి ఉంటుంది. మన చెట్ల మీద ఉన్నది కూడా వంటకు పనికి వస్తుందా?

పాలమూరు_పంతులు
అది పార్మోట్రీమా జాతులకు చెందినది, చల్లని కొండ ప్రాంతాల నుంచి వస్తుంది. మన తోటలో దొరికే రకాలను కూరలో వేయకండి. మందులు కొట్టిన దుమ్మంతా వాటిలోనే ఉంటుంది, ఇందాక చెప్పినట్టు అవి దేన్నీ వదులుకోలేవు.

మునుగోడు_మాట
బదనికను కూడా మందుగా వాడతారు. జాతర్లలో ఫలానా నక్షత్రం రోజు, ఫలానా చెట్టు మీద తీసిన బదనిక అని చెప్పి తాయెత్తులు అమ్ముతారు. మా తాత ఒకటి బీరువాలో పెట్టుకునేవాడు. డబ్బు నిలిచిందా లేదా అనేది అడగకండి.

కొల్లాపూర్_తోట
నా తోటలో అన్ని నక్షత్రాలకూ సరిపడా ఉన్నది, వచ్చి కోసుకుపొమ్మనండి.

నాగార్జున_కాలువ
బదనిక గడ్డ మీద డీజిల్ పూస్తే చస్తుందని మా దగ్గర కొందరు చేస్తున్నారు. కొమ్మ కోయాల్సిన పని ఉండదట.

ఉద్యాన_మిత్ర
దయచేసి ఆ పని చేయవద్దు. శోషకం దారువులో ఉన్నది, డీజిల్ పోయేది కూడా అక్కడికే. బదనిక ఆకులు మాడవచ్చు, దానితో పాటు కొమ్మ కూడా మాడుతుంది. గడ్డలో మిగిలిన కణజాలం నుంచి అది మళ్లీ చిగురిస్తుంది. పూలు పిందెలుగా మారి పండక ముందే గడ్డకు మాను వైపు ఒక అడుగు విడిచి కొమ్మను కోయాలి, కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి. మాను మీదనే పడితే కోయలేం. అప్పుడు గడ్డను ఉలితో శుభ్రంగా చెక్కి, మళ్లీ మళ్లీ చూసుకుంటూ చిగుళ్లు తీసేయాలి. పక్క తోటలవాళ్లు కూడా అదే కాలంలో తీస్తేనే ఫలితం ఉంటుంది, పిట్టకు సర్వే నంబర్లు తెలియవు.

తంగేడు_పూలు
ఈ మొక్క 300కు పైగా రకాల చెట్ల మీద పెరుగుతుందని చదివాను. గట్టు మీద కానుగ, తుమ్మ ఉంటే వాటిని కూడా చూసుకోవాలి మరి.

ఉద్యాన_మిత్ర
సరిగ్గా చెప్పారు. బత్తాయి, నిమ్మ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. గట్టు మీది మామిడిని ఇట్లాగే వదిలేస్తే రేపు బత్తాయి మీదకు వస్తుంది.

పాలమూరు_పంతులు
మా మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని కూడా ఇక్కడ తలచుకోవాలి. 2018లో ఆ మర్రికి సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించిన ఫొటోలు అందరూ చూసే ఉంటారు. అంత పెద్ద చెట్టును కుంగదీసింది చెద పురుగు, అది కొమ్మల లోపల తొలిచింది. పైకి కనిపించేదాన్ని బట్టి రోగాన్ని తేల్చే అలవాటు మనం మానుకోవాలి.

హాలియా_బత్తాయి
పొద్దున తోటకు పోయి చూసి వచ్చాను. గోరుతో లేపితే పాచి ఊడి వచ్చింది, కింద బెరడు మామూలుగా ఉన్నది. చాకుతో సన్నగా గీరితే పచ్చగానే ఉన్నది. అయితే మిత్ర గారు చెప్పిన చోట, నేలకు జానెడు ఎత్తులో, పలచబడిన చెట్లలో చాలావాటికి తేనె రంగు బంక కారి గట్టిపడి ఉన్నది. అక్కడ గీరితే గోధుమ రంగు కుళ్లు, పుల్లటి వాసన. పాదు కూడా మొదలుకు ఆనుకునే ఉన్నది, నీళ్లు పెట్టిన ప్రతిసారీ మొదలు తడుస్తుంది. అంటు ఏ మొక్క మీద కట్టారో నర్సరీవాళ్లు అప్పట్లో చెప్పలేదు. బంక ఉన్న చెట్లలో కొన్నింటికి పాచి అసలు లేదు. పాచి దట్టంగా ఉన్న కోళ్ల ఫారం వైపు చెట్లలో కొన్ని నిండుగా ఉన్నాయి.

నాగార్జున_కాలువ
ఈ చివరి వాక్యం చూశాక నా వాదన ఇక నిలబడదు. మందుల దుకాణంలో ఇచ్చిన మందు వాపసు తీసుకుంటారేమో అడిగి చూడండి.

ఉద్యాన_మిత్ర
ఇది బంక తెగులే. పాచి జోలికి పోకండి, ఆ కూలీ డబ్బు మొదళ్ల మీద పెట్టండి. ముందుగా పాదును రెండు వరుసల గట్టుగా మార్చండి, లోపలి గట్టు మొదలుకు నీళ్లు తగలకుండా కాస్తుంది. కుళ్లిన బెరడును పదునైన చాకుతో ఆరోగ్యంగా ఉన్న భాగం కనిపించేదాకా చెక్కి, ఆ చెక్కులు తోటలో పడేయక కాల్చేయండి. ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం, పది లీటర్ల నీళ్లతో బోర్డో పేస్టు చేసి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు పూయండి. మైలుతుత్తాన్ని, సున్నాన్ని వేర్వేరు ప్లాస్టిక్ బకెట్లలో కలిపి, ఆ తర్వాతే ఒకచోట పోయాలి. ఇనుప డబ్బాలు వద్దు. ఏ రోజు చేసింది ఆ రోజే వాడాలి.

హాలియా_బత్తాయి
సున్నం సరిపోయిందో లేదో ఎట్లా తెలుస్తుంది?

ఉద్యాన_మిత్ర
తుప్పు లేని ఇనుప చాకును పేస్టులో కొద్దిసేపు ముంచి తీయండి. చాకు మీద ఎర్రటి రాగి పూత కనిపిస్తే సున్నం తక్కువైనట్టు, ఇంకొంచెం కలిపి మళ్లీ ముంచి చూడండి.

కొల్లాపూర్_తోట
బకెట్లో మిగిలిన పేస్టును మామిడి కొమ్మ కోసిన చోటికి వాడండి. ఇంతకూ ఆ గట్టు మీది మామిడి మీదేనా, పాలివాళ్లదా? పాలివాళ్లదైతే కొమ్మ కోసే ముందు ఒక మాట అడగండి, మా దగ్గర ఇట్లాంటి కొమ్మ ఒకటి పంచాయితీ దాకా పోయింది.

హాలియా_బత్తాయి
పెద్దాయనదే. రెండూ ఒకటే జాతి అన్నాడు కదా, ఆయనే. రేపు నిచ్చెన తానే తెస్తానన్నాడు.